ప్రతిపక్ష ప్రశంస

తెలుగు పుస్తకం అట్ట ఊడిపోయినా బతుకుతుంది, అచ్చుతప్పులతో అయితే మరీ హాయిగా బతుకుతుంది. ముందుమాట లేకపోతే మాత్రం బతకదు. రచయిత అన్నవాడు రాతప్రతి సంచిలో వేసుకుని ఎవరో ఒక పెద్దాయన ఇంటికి వెళ్ళాలి. పెద్దాయన దాని బరువు చేత్తో చూసి, లోపల ఏముందో రచయిత నోటనే విని, పదిసార్లు తిప్పించుకుని నాలుగు పేజీలు రాసిస్తాడు. అందులో మూడు పేజీలు పెద్దాయన గురించే ఉంటాయి. తరతరాలుగా నడుస్తున్న ఈ పద్ధతి వల్ల ఇంతవరకూ ఎవరికీ నష్టం జరగలేదు. ముందుమాటలు ఎవరూ చదవరు గనక జరిగే వీలు కూడా లేదు.

ఇంత నిరపాయమైన ఆచారం మీద ప్రభుత్వం వారి చూపు పడింది.

కారణం చిన్నదే. ఒక ఊరి గ్రంథాలయంలో దేవుడున్నాడనే పుస్తకాలు బీరువా నిండా ఉంటే, లేడనే పుస్తకాలు అరలో సగానికే ఉన్నాయని ఒకాయన అర్జీ పెట్టుకున్నాడు. ఆ సగం అర మాత్రం దేనికి, దండగ అని ఇంకొకాయన అర్జీ పెట్టుకున్నాడు. ఇద్దరూ గ్రంథాలయం మెట్ల మీద ఎదురుపడి చేతికందిన పుస్తకాలు విసురుకున్నారు. ఆ పుస్తకాలు కాస్త కదిలింది చాలా ఏళ్ళ తర్వాత అదే మొదలట. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. మూడో నెల తిరిగేసరికి బెజవాడలో ఒక అద్దె మేడలో ‘ఆస్తిక నాస్తిక గ్రంథ సమతుల్య మండలి’ వెలిసింది.

మండలి పెట్టిన నియమం ఒక్కటే. దేవుడున్నాడని వాదించే పుస్తకానికి దేవుడు లేడనేవాడు ముందుమాట రాసి మెచ్చుకోవాలి. లేడని వాదించే పుస్తకాన్ని ఉన్నాడనేవాడు మెచ్చుకోవాలి. దీనికి ప్రతిపక్ష ప్రశంస అని పేరు పెట్టారు. అది లేని పుస్తకం ఏ గ్రంథాలయం గడపా తొక్కకూడదు.

ఈ కబురు విని రాష్ట్రంలో సంతోషించిన మనుషులు ఇద్దరే. ఇద్దరిదీ తెనాలే.

అందులో దొప్పలపూడి జోగారావు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన నాస్తికుడు. రెండోవాడు కండ్లకుంట వరదాచార్యులు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైన వైష్ణవుడు, నుదుట నామం లేకుండా పాలమనిషికి కూడా కనపడేవాడు కాదు. ఇద్దరూ ఒకే బళ్ళో ఒకే బల్ల మీద చదువుకున్నారు. దేవుడి విషయంలో వాళ్ళ తగువు ఆ బల్ల మీదే మొదలై, పెళ్ళిళ్ళూ బదిలీలూ దాటుకుని, రిటైరయ్యాక తీరిక దొరికేసరికి మరింత ముదిరింది. చివరికి దాన్ని పుస్తకంగా రాశారు. ఒక అధ్యాయం జోగారావుది, దానికి జవాబుగా తర్వాతి అధ్యాయం ఆచారిది. ఒకడు రాసింది చదివి రెండోవాడు తన పాత అధ్యాయాన్ని దిద్దుకునేవాడు, అది చూసి మొదటివాడు మళ్ళీ దిద్దుకునేవాడు. అందువల్ల అది పూర్తయ్యేసరికి ఇద్దరికీ డెబ్భై దాటాయి, ఆచారి గుండెలో స్టెంట్లు పడ్డాయి. అట్ట మీద తమ పేర్లు పక్కపక్కన అచ్చులో చూసుకోవాలి, తాము చిన్నప్పుడు చదువుకున్న గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉండాలి. ఇంతకు మించి జోగారావుకి జీవితంలో కోరికలు మిగల్లేదు. ఆచారికి మోక్షం కూడా కావాలి, కానీ దానికి తొందర లేదన్నాడు.

“మనకి వెతుక్కునే పనే లేదురా. నీ సగాన్ని నేను మెచ్చుకుంటా, నా సగాన్ని నువ్వు మెచ్చుకో. ఎట్టాగూ ఇన్నేళ్ళు తిట్టుకున్నాంగా” అన్నాడు జోగారావు.

“మెచ్చుకోడానికి నీ సగంలో ఏముందోయ్, వెటకారం తప్ప” అన్నాడు ఆచారి. అంటూనే ఆ రాత్రికి రాత్రి ఆరు పేజీలు మెచ్చుకున్నాడు.

మండలిలో సమతుల్యాధికారిణి దమయంతి గారు ఆ రెండు ముందుమాటలనూ పక్కకు పెట్టేశారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. మాట్లాడితే మాత్రం ప్రభుత్వ ఉత్తర్వు చదివి వినిపిస్తున్నట్టుండేది.

“సహరచయితలు పరస్పరము ప్రశంసించుకొనుట నిబంధనలకు విరుద్ధమండి.”

“తెలుగులో అందరూ చేసేది అదేగదమ్మా. వీడి పుస్తకానికి వాడు, వాడి పుస్తకానికి వీడు” అన్నాడు జోగారావు.

“అది సాహిత్యమండి. ఇది పరిపాలన.”

ముందుమాట రాసేవాళ్ళు మండలిలో నమోదైన ఆస్తికులో నమోదైన నాస్తికులో అయి ఉండాలట. అంతకుముందు రచయితలు కూడా తామెవరో నమోదు చేయించుకోవాలట. నోటిమాటగా దేవుడు లేడంటే నాస్తికుడైపోరు, విచారణ ఉంటుంది.

విచారణకొచ్చిన ఇనస్పెక్టరు జోగారావు వంటింట్లో కిరాణా కొట్టువాడిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు చూసి ఆగిపోయాడు. పాల లెక్క రాసుకోడానికని జోగారావు, గ్యాసుబండ ఎప్పుడొచ్చిందో గుర్తుకని ఆయన భార్య విడివిడిగా వాంగ్మూలం ఇచ్చారు. ఇనస్పెక్టరు చాలాసేపు ఆలోచించి, ‘దైవ చిత్రపటము గలదు. దానిపై పాలు, గ్యాసు వివరములు వ్రాయబడియున్నవి. స్వామివారి ముఖముపై కూడా వ్రాయబడియున్నందున భక్తి లేదని నిర్ధారించడమైనది’ అని రాసుకుపోయాడు. ఆచారి ఇంట్లో అంతకన్నా కష్టమైంది. ఎప్పుడైనా దేవుణ్ణి అనుమానించారా అని అడిగితే, అబద్ధమాడలేక, ప్రమోషన్ రాని ఏడు ఒకసారి అనుమానించానని ఒప్పుకున్నాడు. ఆయన్ని ఏడాదిపాటు తాత్కాలిక ఆస్తికుడిగా నమోదు చేశారు.

తర్వాత ప్రశంసల వేట. ఇక్కడొక చిక్కు ఉంది, మండలి వారు అది ముందు ఊహించలేదు. భక్తి పుస్తకాలు రాసేవాళ్ళు రాష్ట్రంలో ఊరికి పదిమంది. విచారణకు తట్టుకున్న నాస్తికులు మాత్రం జిల్లాకు ఒకడైనా తేలలేదు. సుప్రభాతానికి వ్యాఖ్యానం రాసినా, నోము పాటలు పోగుచేసినా, తీర్థయాత్ర చేసొచ్చి ఆ వైనం రాసినా, అచ్చు కావాలంటే నాస్తికుడి గుమ్మం ఎక్కాల్సిందే.

ఆచారి అధ్యాయాల కోసం మిత్రులిద్దరూ వెళ్ళింది తాళ్ళూరి హేతుమూర్తి గారింటికి. ఆయన పెద్ద పేరున్న నాస్తికుడు. మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చి గొంతు బొంగురు చేసుకున్నవాడు. ఆయన వీధి మొదట్లోనే చెప్పులు విడవమన్నారు. వరసలో నుంచోడానికి కర్రలు కట్టారు. టోకెను ఇచ్చే మనిషి, “సర్వదర్శనమా, శీఘ్రదర్శనమా?” అని అడిగాడు. చేతుల్లో రాతప్రతులు, వాటి నాలుగు మూలలా పసుపు, కొందరి చేతుల్లో పళ్ళు. ముందున్న ముసలావిడ తనకు రాతప్రతి ఏమీ లేదనీ, ఊరికే చూసి పోదామని వచ్చాననీ చెప్పింది. ఆయన చెయ్యిపడ్డ పుస్తకం వల్ల వాళ్ళ పక్కింటి పిల్లకి సంబంధం కుదిరిందట.

లోపల హేతుమూర్తి గారు గోడకు చేరబడి కూర్చుని సంతకాలు చేస్తున్నారు. ఎవరో ఆయన కాళ్ళకు మొక్కుతున్నారు. కాళ్ళు వెనక్కి లాక్కుంటే రెండో పక్కనుంచి ఇంకొకరు మొక్కుతున్నారు.

“వద్దని చెప్పానండి. మహిమలు లేవని అరిచి చెప్పాను. అరిచినకొద్దీ జనం పెరుగుతున్నారు. ఆ వినయమే మహిమ అంటున్నారు” అన్నారాయన, ఏడుపుగొంతుతో.

ఆయనిచ్చే ప్రశంస అందరికీ ఒకటే, ముందే అచ్చువేయించి ఉంచారు. ‘ఈ గ్రంథంతో నేను ఏ మాత్రం ఏకీభవించను. అయినా చదువుతున్నంతసేపూ కన్నీళ్ళు ఆగలేదు.’ ఆచారి దాన్ని రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

“అదేందిరా?” అన్నాడు జోగారావు బయటికొచ్చాక.

“అలవాటోయ్. ఎవరేమిచ్చినా అద్దుకుంటాను.”

జోగారావు అధ్యాయాలను మెచ్చుకోడానికి నమోదైన ఆస్తికుడు కావాలిగదా, అందుకోసం అగ్రహారంలో ఒక శాస్త్రిగారి దగ్గరికి వెళ్ళారు. ఆ ఇంట్లో దేవుడి గది తలుపు వేసి ఉంది, గొళ్ళేనికి బూజు పట్టింది. శాస్త్రిగారు నేలమీద గుట్టలుగా పడున్న నాస్తిక గ్రంథాల మధ్య కూర్చుని ఉన్నారు. అపచారమని మిగతా ఆస్తికులెవరూ వాటిని ముట్టుకోకపోవడంతో పాతవీ కొత్తవీ అన్నీ ఆయన దగ్గరికే చేరాయి. హేతుమూర్తి గారిలా ఆయన అచ్చుకాగితం ఇవ్వరు. మెచ్చుకోవాలంటే చదవాలన్న పట్టుదల ఆయనది.

“తెల్లవారింది మొదలు దేవుడు లేడని చదవడం, బాగుందని రాయడం. పొద్దు గూకేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. స్వామికి అభిషేకం చేసి ఎన్నాళ్ళైందో. మొదట్లో అపచారం చేస్తున్నానని భయమేసేది, ఇప్పుడు అదీ వెయ్యడం లేదు” అన్నారు శాస్త్రిగారు.

మండలి స్థాపించిన ఫలితం అలా రెండు వైపులా సమానంగా కనిపించింది. ఒక నాస్తికుణ్ణి దేవుణ్ణి చేసింది, ఒక ఆస్తికుడి ఇంట్లో దీపం ఆర్పింది.

ప్రశంసలన్నీ జతచేసి మిత్రులు మళ్ళీ బెజవాడ వెళ్ళారు. దమయంతి గారు కాగితాలు తిరగేసి సంతృప్తిగా తలాడించారు.

“ఉభయ పక్షముల ప్రశంసలు సంతృప్తికరముగా నున్నవి. ఇక మూడవ పక్షము వారి అభ్యంతరములు స్వీకరించవలసియున్నది.”

“మూడో పక్షం ఎవరమ్మా?”

“ఈ గ్రంథము ఎవరిని గూర్చి వ్రాయబడినదో వారండి. ఒక వ్యక్తి ఉన్నారా లేరా అని రెండు వందల పేజీలు చర్చించి, సదరు వ్యక్తికి ఒక్క నోటీసు కూడా ఇవ్వకుండుట సహజ న్యాయమునకు విరుద్ధము కదా.”

ఆచారి ముఖం వెలిగిపోయింది. ప్రభుత్వం వారు దేవుణ్ణి ఒక వ్యక్తిగా గుర్తించారు, ఈ వాదం నీ కొంపముంచుతుంది చూడమని జోగారావుని డొక్కలో పొడిచాడు. నోటీసుకు జవాబు రాకపోతే నీ కొంపే మునిగేదని జోగారావు తిరిగి పొడిచాడు.

నోటీసు రిజిస్టర్డు పోస్టులో వెళ్ళింది. పేరు దగ్గర శ్రీ భగవంతుడు గారు అని, తండ్రిపేరు దగ్గర వివరము లేదని, చిరునామా దగ్గర సర్వత్ర అని రాశారు. నెలరోజుల్లోగా స్వయంగా గాని, వకీలు ద్వారా గాని హాజరు కావాలని అందులో ఉంది.

పోస్టాఫీసుకి పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. బట్వాడా కాని కవరు మీద పోస్టుమ్యాన్ కారణం రాయాలి. ‘ఈ పేరు గలవారు లేరు’ అని రాస్తే కేంద్ర ప్రభుత్వమే నాస్తికుల పక్షం తీసుకున్నట్టవుతుంది. ‘తలుపు తాళం వేసియున్నది’ అంటే ఇల్లుందని ఒప్పుకున్నట్టే. ‘తీసుకొనుటకు నిరాకరించినారు’ అంటే అంతకన్నా ప్రమాదం, భక్తులు ఊరుకోరు. పైవాళ్ళు రెండుసార్లు సమావేశమై, చివరికి ‘చిరునామా అసంపూర్ణం’ అని రాయించి కవరు తిప్పి పంపారు.

“అదీ మా డిపార్టుమెంటంటే. ఎవర్నీ నొప్పించలేదు” అన్నాడు ఆచారి గర్వంగా. “మా రోజుల్లోనూ ఆయనకి ఉత్తరాలొచ్చేవోయ్. పరీక్షల ముందు పిల్లలు రాసేవాళ్ళు.”

“ఏం చేసేవాళ్ళు మీరు?”

“ఏం చేస్తాం, పక్కన పడేసేవాళ్ళం.”

“అందుకనా నా క్లాసులో సగంమంది తప్పింది” అన్నాడు జోగారావు. ఆచారి ఆయాసం వచ్చేదాకా నవ్వాడు. ఆ మధ్య నవ్వినా ఆయాసం వస్తోందతనికి.

మండలి ఆ కవరు విషయంలో గుణపాఠం నేర్చుకుంది. ఇలాంటి అసౌకర్యం ముందుముందు కలగకుండా, పుస్తకంతో సంబంధమున్న ప్రతి వ్యక్తీ ప్రస్తుతం ఎక్కడున్నాడో పూర్తి చిరునామాతో నింపాలని దరఖాస్తులో ఒక గడి చేర్చింది. భగవంతుడి విషయంలో మాత్రం ఒకసారికి మినహాయింపు ఇచ్చింది. రచయితలిద్దరూ తమ చిరునామాలు రాసి సంతకాలు పెడితే చాలు, పుస్తకం ప్రెస్సుకు వెళ్ళొచ్చని ఉత్తరం వచ్చింది. సోమవారం వెళ్దామనుకున్నారు.

ఆదివారం పొద్దున సంధ్యావందనానికి కూర్చున్న ఆచారి మళ్ళీ లేవలేదు.

జోగారావు శ్మశానం దాకా నడిచాడు. నమ్మకం లేని మనిషి గనక దండం పెట్టలేదు. అందరూ వెళ్ళిపోయాక కూడా అక్కడే నుంచున్నాడు. ఎందుకు నుంచున్నావని అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర లెక్క లేదు.  ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరు ఏమన్నా కాదనలేదు. అది చూసి ఆయన భార్య భయపడింది. ఇంక పుస్తకమొక్కటే మిగిలింది, ఆచారి పేరు అచ్చులో కనపడాలంటే మిగిలిన దారి అదొక్కటే. దినకర్మలు కాగానే ఒంటరిగా బెజవాడ బస్సెక్కాడు.

దమయంతి గారు లేచి నిలబడ్డారు. “సహరచయిత గారి మృతికి మండలి తరఫున చింతించడమైనది” అన్నారు. నిజంగానే ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. తర్వాత కూర్చుని దరఖాస్తు ఇటు తిప్పారు.

“ఇందులో వరదాచార్యులు గారు ప్రస్తుతము ఎక్కడ ఉన్నారో తమరు నింపవలసియుండును.”

“ఆయన పోయాడుగదమ్మా.”

“అందుచేతనే మార్చవలసివచ్చుచున్నదండి. పాత చిరునామాలో లేరు కదా.”

“లేడు అని రాస్తా.”

“వ్రాయవచ్చును. అప్పుడు ఆస్తిక పక్షమున రచయిత లేనట్లే. గ్రంథము ఏకపక్షమగును, తిరస్కరించబడును.”

“పోనీ, వైకుంఠంలో ఉన్నాడని రాస్తా. వాడదే అనేవాడు.”

“సంతోషమండి. కాని అట్లు వ్రాసినచో తమరి నాస్తికత్వము రద్దగును. ఇద్దరూ ఆస్తికులే అగుదురు. అప్పుడునూ ఏకపక్షమే.”

“ఖాళీగా వదిలేస్తే?”

“చిరునామా అసంపూర్ణం.”

జోగారావు కలం చేతిలోకి తీసుకున్నాడు. జీవితమంతా ఎంత చిక్కు లెక్కయినా ఏదో ఒక వైపునుంచి విప్పినవాడు. ఒకటి రాస్తే అబద్ధమాడినట్టు, రెండోది రాస్తే ఆచారిని మళ్ళీ ఒకసారి చంపినట్టు ఉంది. ఏది రాసినా పుస్తకం పోతుంది. చాలాసేపు ఆ గడిలోకి చూశాడు. చూసి చూసి, తనకు తెలియకుండానే పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు తిరిగాడు.

“ఏం రాయమంటావురా ఆచారీ? నువ్వే చెప్పు” అన్నాడు.

గదిలో ఉన్న గుమాస్తా తలెత్తాడు. దమయంతి గారు కళ్ళజోడు తీశారు.

“తమరు ఇప్పుడు ఎవరితో సంభాషించితిరి?”

“మా ఆచారితో.”

“పరలోకగతులతో సంభాషించుట నమోదైన నాస్తికుల ప్రవర్తనా నియమావళికి విరుద్ధమండి.” ఆవిడ గొంతులో విచారముంది, చెయ్యి మాత్రం రిజిస్టరు తిరగేస్తోంది. “ఇది నా ఎదుటనే జరిగినది. నేను చూడనట్లు ఊరకుండలేను. తమరిని ఈ క్షణము నుండి ఆస్తికుల జాబితాలోనికి మార్చడమైనది.”

ముద్ర పడింది. జోగారావు ఆ ముద్ర వైపు చూశాడు. ఆరు పదుల ఏళ్ళ తగువు, ఎండనక వాననక తగువు, ఒక్క గుద్దుతో తేలిపోయింది. ఆచారి గెలిచాడు. ఈ ఒక్క ముక్క చెవిన పడితే ఆచారి తెనాలంతా టముకు వేయించేవాడు, మెయిన్ రోడ్డు మీద ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పి చెప్పి ఆయాసం తెచ్చుకునేవాడు. వాడు అలా వెక్కిరిస్తే పడాలని జోగారావుకి ప్రాణం కొట్టుకుపోయింది. వెక్కిరించే మనిషి లేడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏడుస్తూనే, జన్మలో ఏ వాదాన్నీ మధ్యలో వదలని మనిషి గనక, ఆ వాదాన్నీ వదల్లేదు.

“లేడమ్మా. వాడు లేడు. లేడు గనకనే పిలిచాను. ఉంటే పిలవాల్సిన పనేముంది, ఈ కుర్చీలో కూర్చుని నా మాటకి అడ్డం పడతా ఉండేవాడు.”

గుమాస్తా రాయడం ఆపేశాడు.  దమయంతి గారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“తమరి వాదన సమంజసముగానే ఉన్నదండి. తమరి నాస్తికత్వమును పునరుద్ధరించుటకు అవకాశము గలదు. ఈ మాటనే వ్రాతపూర్వకముగా ఇచ్చి, దీనిని మెచ్చుకొనుచు ఒక ఆస్తికుని చేత ప్రతిపక్ష ప్రశంస వ్రాయించి జతచేయండి, చాలును.”

“అది రాయాల్సినవాడే పోయాడమ్మా” అని జోగారావు రాతప్రతి చంకలో పెట్టుకుని లేచాడు.